మూడు పట్టీల పడిగె

బస్తరు సంస్థానము ఇంకను సంస్థానముగనే యుండిన దినములలో నేను భోపాల్‌పట్నమునకు ఒక పూట నడకలో నున్న పల్లెలో బడిపంతులుగా నుంటిని. పల్లెకు ఒక ప్రక్క ఇంద్రావతి, మరొక ప్రక్క వాగు. శ్రావణమున రెండును పొంగినచో ఊరు ద్వీపమగును. ఉప్పు నిండుకొన్నను, జ్వరము తగిలినను, నీరు తీయువరకు వేచియుండుట తప్ప వేరు త్రోవ లేదు. ఊరిలో దొర్లలు ఎక్కువ; గోదావరి దిగువన వారినే కోయలందురు. ఇంట దొర్లి, సంతలో హల్బీ, కచేరివారి యెదుట హిందీ, నాతో తెనుగు మాటలాడుచు, ఒక్క పూటలో నాలుగు భాషలలో తిరిగివచ్చుట వారికి శ్రమయే కాదు. నాకు వచ్చినది ఒక్క తెనుగు. అదియు గురువుగారి యింట వల్లించిన కావ్యముల తెనుగు. నేను దాహమగుచున్నదని అన్నచో పిల్లలు కొంతసేపు నా ముఖము చూచి, పిదప ఒకరినొకరు చూచుకొని నవ్వి, నీళ్లు తెచ్చెడివారు.

నా నివాసము ఊరిపెద్దలలో నొకరి వాకిట, పశువుల కొట్టము ప్రక్కనున్న పాక. ఆ పెద్దకు కూతురు ఒక్కతె. ఆమెను చేసుకొనవలెనని పామేడు దిక్కునుండి వచ్చిన యువకుడొకడు ఆ యింటనే యుండి పొలము దున్నుచుండెను. పిల్ల తండ్రికి కొన్ని వానకాలములు సేద్యము చేసిపెట్టి, పిదప పిల్లను పెండ్లాడుట వారిలో కలదు. అట్లు కొలువుండువానిని లంసెన అందురు. కొలువు ముగియు కాలము దగ్గర పడినది. వచ్చు వేసవిలో, ఇప్పపూలు ఏరుట ముగిసిన పిమ్మట, పెండ్లి అని పెద్దలు మాట యిచ్చిరి.

వారిద్దరు నా యెదుట మాటలాడుకొనగా నేను విన్నది తక్కువ. కాని చూచినది తక్కువ కాదు. అతడు పొలమునుండి వచ్చుసరికి ఆమె చేతిలో అంబలి దొప్ప యుండెడిది. అతడు అడవినుండి తెచ్చిన తేనెపట్టులో మొదటి ముక్క ఎవరికి పోయెడిదో ఇంటివారందరికి తెలియును. నాట్ల వేళ ఆడువారు ఆమెను ఏడిపించుచుండగా ఒకనాడు గట్టుమీదనుండి వింటిని; నేను వినవలెననియే కాబోలు తెనుగులో ననిరి.

"ఏందే, నీ లంసెన ఎడ్లకన్న ముందే లేస్తున్నడు. పెండ్లైనంక గూడ లేస్తడా, లేకుంటె నువ్వే నాగలి పట్టాల్నా?"

"లేవకుంటె ఎడ్లనే చేసుకుంట. అవి ఎదురు మాట్లాడవు," అని ఆమె నడుము ఎత్తకయే బదులు చెప్పెను. ప్రక్క మడిలో దున్నుచున్న అతడు విని, ఎడ్లను అదలించుచున్నట్లు నటించి నవ్వుకొనెను.

ఇచట వారి ఆచారమొకటి చెప్పక కథ ముందుకు సాగదు. దొర్లలకు గట్టులు కలవు. ఎన్ని వేల్పులను కొలుతురో అన్నవ గట్టువారని పేరు. మూడు వేల్పులను కొలుచువారు మూడవ గట్టు. అయిదింటిని కొలుచువారు అయిదవ గట్టు. ఒక గట్టువారందరు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. వారిలో వారికి పెండ్లి కూడదు. మా యింటి పిల్లది అయిదవ గట్టు, లంసెనది మూడవది. కనుక ఆ సంబంధమునకు ఏ అడ్డును లేకుండెను.

ప్రతి గట్టునకు ఒక పడిగె యుండును. పడిగె యనగా జెండాయే. ముక్కోణపు గుడ్డపై రంగుగుడ్డల ముక్కలతో వేల్పుల రూపులు, పులులు, ఏనుగులు, పూర్వులు నడచివచ్చిన త్రోవలు కుట్టియుందురు. ఏడాది పొడుగున అది వెదురు గొట్టములో చుట్టబడి అటుకపై నుండును. జాతరనాడు వడ్డె, అనగా వారి పూజారి, దానిని గడకు కట్టి ఎత్తును. డోలు వాయించుచు వంశకథలు చెప్పువాడొకడు ఆ రూపులను ఒక్కొక్కటిగా చూపి, ఎవరు ఎవరికి పుట్టిరో పాడును. వానిని డోలి అందురు. పిదప పడిగెను ఏటిలో ముంచి లేవనెత్తి, దానినుండి కారు నీటిని ఆ గట్టువారి తలలపై పడనిత్తురు. ఆ నీరు పడినవారు ఒక కడుపు పిల్లలు. పరాయి గట్టు బిడ్డను పెంచుకొనదలచినచో వానిని ఆ నీటిక్రింద నిలబెట్టిన చాలును. నాటితో వాడు ఆ గట్టువాడగును. నేను తొలిసారి జాతర చూడబోయి పడిగె దగ్గరగా నిలిచినపుడు మా యింటి పిల్లయే నన్ను వెనుకకు పొమ్మన్నది.

"పంతులయ్యా, జర దూరముండు. నీళ్లు పడ్డయంటె మా గట్టోనివైతవ్. రేపటిసంది నువ్వు గూడ పొలం దున్నాల్సొస్తది."

నేను నవ్వి వెనుకకు జరిగితిని.

ఆ యేటి శ్రావణములో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చుచున్నదన్న వార్త ఇంద్రావతి పొంగుతో పాటు మా పల్లెకు వచ్చినది. రాజుగారు ఇండియాతో చేరుటకు సమ్మతించిరనియు, కనుక సంస్థానములోని కచేరులన్నిటను కొత్త జెండా ఎత్తవలెననియు జగదల్‌పూరునుండి హుకుము. భోపాల్‌పట్నపు నాయబు తహసీల్దారు గస్తీకి వచ్చి, వాగు పొంగుటచే మా యూరిలోనే చిక్కువడెను. ఆయన ఉత్తరాదివాడు, యౌవనవంతుడు, మంచివాడు. పండుగనాడు కచేరి చేరలేకపోతినన్న మాట పైవారికి చేరునేమోయన్న బెంగ ఆయనకు పట్టుకొనెను. చివరకు మా బడి వాకిటనే జెండా ఎత్తుదమని నిశ్చయించెను. జెండా మాత్రము లేదు. ఉన్నది ఆయన సంచిలోని వార్తాపత్రికలో నలుపు తెలుపులలో అచ్చువేసిన బొమ్మ. రంగులు మాటలలో చెప్పబడి యుండెను: పైన కాషాయము, నడుమ తెలుపు, క్రింద ఆకుపచ్చ, తెలుపు నడుమ నీలిచక్రము.

ఊరి నేతగాని యింట తెల్లని నూలుగుడ్డ దొరకినది. కాషాయమునకు వేసవిలో ఎండబెట్టి దాచిన మోదుగపూలు కాచి, సున్నపు తేట కలిపిరి. పసుపుగా నున్న నీరు కన్నుల యెదుటనే నిప్పు రంగునకు తిరిగినది. ఆకుపచ్చకు పసుపులో నీలిమందు కలిపిరి. చక్రము నా వంతుకు వచ్చినది. కంచు పళ్లెమును బోర్లించి వలయము గీసి, దారముతో కొలిచి, ఇరువదినాలుగు ఆకులు దిద్దితిని. రాజసేవకుడైన గుమాస్తా ఒకడు తహసీల్దారు వెంట నుండెను. హిందీ, తెనుగు, దొర్లి మూడును ఎరిగినవాడు. వాడు మునుపు సంతలో చూచిన జెండాపై రాట్నముండెనని పట్టుపట్టెను. రాట్నము పోయి చక్రము వచ్చినదని తహసీల్దారు పత్రిక చూపెను. నేతగాడు గుడ్డ పిండుచు నిట్టూర్చెను.

"రాట్నముంటె మా నేతోళ్లదనుకుందు. చక్రమంటె బండోళ్లదేనాయె."

రంగు గుడ్డకు పట్టవలెనన్నచో కరక్కాయ కషాయములో నానవేసి కొన్నాళ్లు గట్టి యెండలో ఆరవేయవలెనని కూడ వాడు చెప్పెను. ఎండ మొగము చూచి పక్షము దాటినది. తెల్లవారినచో పండుగ. తహసీల్దారు పొయ్యిపై దండెము కట్టించి పొగవేడిమికి ఆరబెట్టించెను.

ఆ ఉదయము ఊరంతయు బడి వాకిట చేరినది. వాగుకు అవతలి పల్లెలవారు రాలేకపోయిరి. ఉత్సవము కళకట్టవలెనని తహసీల్దారు వడ్డెను పిలిపించి, మీ జెండాను మీరెట్లు ఎత్తుదురో దీని నట్లే ఎత్తుడని గౌరవముగా కోరెను. ఆ ముసలివాడు కచేరి మాటను కాదనునా? స్నానము చేసి వచ్చెను. గడకు పసుపు పూసెను. పాదున బియ్యము పోసి, పుంజును కోసి, డోళ్లు మ్రోగుచుండగా జెండాను పైకి లాగెను. జనము అలవాటు చొప్పున తలలు వంచి గడ చుట్టు దగ్గరగా చేరిరి. తహసీల్దారు కన్నులలో నీరు తిరిగినది. అంత వినయమును ఆయన ఊహించి యుండలేదు.

ఆయన హిందీలో పలుకగా గుమాస్తా తెనుగులోను దొర్లిలోను చెప్పెను. నేటినుండి మనలో హెచ్చుతగ్గులు లేవు, తెగలు లేవు, ఈ జెండా నీడన నున్న వారందరు ఒక్క తల్లి బిడ్డలు అన్నది దాని సారాంశము. పిదప రంగుల భావము చెప్పుమని నన్ను అడిగిరి. కాషాయము త్యాగమునకు, తెలుపు సత్యమునకు, ఆకుపచ్చ సస్యమునకు, చక్రము ఆగక నడచు ధర్మమునకు గురుతులని చెప్పితిని. ఎవరికేమి తెలిసెనో దైవమునకెరుక. అందరును మర్యాదగా వినిరి.

అప్పుడు వాన వచ్చినది.

అది మా యెరిగిన వానయే. ముందుగా చెప్పక, ఒక్కసారిగా దిగునది. ఎవరును కదలలేదు. తహసీల్దారు కదలలేదు కనుక జనము కదలలేదు. పొగవేడిమికి ఆరిన రంగు ఎంతసేపు నిలుచును? పై పట్టీనుండి కాషాయము తెలుపులోనికి జారినది. తెలుపునుండి నీలము, దాని దిగువనుండి ఆకుపచ్చ. గాలి జెండాను విదిలించినపుడెల్ల ఆ రంగునీరు తలలపై చిందినది. పిల్లలు అరచేతులు చాచిరి. ఆడువారు ఒకరి నుదుట మరొకరు చూచి పకపక నవ్విరి. మా యింటి పిల్ల గడకు ఒక ప్రక్క, లంసెన మరొక ప్రక్క నుండిరి. ఆమె చెక్కిలిపై నిప్పు రంగు చార యొకటి గడ్డము దాక దిగినది. అతని భుజమున కూడ అదే రంగు. అతడు ఆమెకు చూపి నవ్వుట నేను చూచితిని. ఆమెయు నవ్వెను.

ముందుగా నవ్వు మానినవాడు వడ్డె. ఆయన తలయెత్తి జెండాను, పిదప జనమును చూచి, డోలు ఆపుమని చేయి చూపెను.

వాన వెలిసిన పిమ్మట తహసీల్దారు జెండాను దించి, మడిచి, సర్కారు సొత్తని తన పెట్టెలో పెట్టుకొని, వాగు తీయగనే వెడలిపోయెను. మా యింట మాత్రము మాట తగ్గినది. అంబలి దొప్ప ఆమె చేతులలో లేదు, తల్లి అందించెడిది. లంసెన కొట్టములో పండుకొనుట మాని పొలములోని మంచెమీద పండుకొనసాగెను. ఏమైనదని నేను పెద్దను అడుగగా, కొత్త పంట తినెడి కొత్తల పండుగకు డోలి వచ్చును, వాడు చెప్పును అని మాత్రము అనెను.

డోలి వచ్చెను. పెద్దలు కూర్చుండిరి. వారి మాటలు చాలసేపు దొర్లిలో సాగినవి; పెద్ద నాకు తెనుగులో చెప్పుచుండెను. వాదములో కోపము లేదు. అదియే నాకు భయము కలిగించినది. జెండాపై మూడు పట్టీలు గదా, అనగా మూడు వేల్పులు. అది మూడవ గట్టు పడిగె. వడ్డె విధి తప్పక ఎత్తినాడు. దాని పెద్ద, అనగా తహసీల్దారు, నిలుచుండి, మీరందరు ఒక్క తల్లి బిడ్డలని పదిమంది యెదుట పలికినాడు. దాని నీరు తలలపై పడినది. ఇంకేమి మిగిలినది? ముందే పెండ్లియైనవారి ముడిని తరువాత పడిన నీరు విప్పదు. తక్కినవారు తమ పిల్లలకు వాగు అవతల సంబంధములు చూచుకొందురు. నీటిక్రింద నిలిచి, మాట యిచ్చుకొని, ఇంకను ముడిపడనివారు ఊరిలో ఇద్దరే యుండిరి.

నేను లేచి, అది వేల్పుల పడిగె కాదని, దేశపు గురుతని, ఆ రంగులు దేవతలు కావని, గుణములని చెప్పితిని. డోలి శ్రద్ధగా వినెను.

"త్యాగమన్నవ్, సత్తెమన్నవ్, పంటన్నవ్. మంచిది పంతులయ్యా. మూడైనయా లేదా?"

అయినవని ఒప్పుకొంటిని.

"ఇంకేం మరి?" అని వాడు డోలుపై చేయి ఆనించుకొనెను.

విడుదల లేదా యని అడిగితిని. ఉన్నదని వాడనెను, ఆ మాటకు నా ప్రాణము లేచి వచ్చినది. పెంచుకొన్న బిడ్డను తిరిగి పంపవలసివచ్చినపుడు చేయు విధియే. ఏ పడిగె నీరు పడినదో ఆ పడిగెనే మరల ఎత్తవలెను. పిల్లను దానిక్రిందనుండి బయటికి నడిపించవలెను. ఈమె మా గట్టుది కాదు, మా బిడ్డ కాదు అని దాని పెద్ద అందరి యెదుట పలుకవలెను. వడ్డె అందుకు సిద్ధముగనే యుండెను. పెద్దలలో ఒక్కరును అడ్డు చెప్పలేదు. వారు ఆ పెండ్లి చెడవలెనని కోరినవారు కారు.

నీరు తీసిన పిమ్మట పెద్ద, లంసెన, నేను భోపాల్‌పట్నము పోయితిమి. తహసీల్దారు మమ్ములను ఆదరించి కూర్చుండబెట్టెను. గుమాస్తా అంతయు విప్పి చెప్పెను. ఆయన మొదట నవ్వెను. లంసెన ముఖము చూచి నవ్వు ఆపెను. బయట ఎవరున్నారో చూచివచ్చి, తలుపు చేరవేసి నాతో పలికెను. గుమాస్తా చెప్పిన ఆయన హిందీ మాటల తెనుగు ఇది:

"పండితులవారూ, గోదావరి అవతల నిజాము రాజ్యములో ఈ జెండా క్రింద నిలుచుటకు జనము దెబ్బలు తినుచున్నారు. ఇవతలి ఒడ్డున నేను దానిని ఎత్తించి, ఒక పిల్లను పిలిచి, నీవు దీని బిడ్డవు కావు పొమ్మని పదిమందిలో అనవలెనా? నా నోట ఆ మాట వచ్చునా?"

అది మాట మాత్రమే గదా, వారి తృప్తికొరకు గదా యని నేనంటిని. మాట మాత్రమే యైనచో వారికెందుకు కావలెనని ఆయన అడిగెను. ఆయన భయపడినాడనుట సగము సత్యము. తక్కిన సగము, ఆయన ఆ జెండాను నిజముగ ప్రేమించెను. రెంటిలో ఏది ఆయన నాలుకను పట్టుకొన్నదో నాకు నేటికిని తెలియదు. సాకుగా మరొక మాట చేర్చెను: కొంతకాలము గడువనిండు, జనము మరతురు. పెద్ద ఆ మాట విని, మా వాళ్లు ఏడు తరాల పేర్లు మరువరు అని తనలో గొణిగెను.

తిరుగు త్రోవలో వాగు దగ్గర లంసెన ఆగి నన్ను అడిగెను.

"గా సాబు మంచోడే గద పంతులయ్యా?"

మంచివాడే నంటిని.

"మంచోడైతే ఇంకెవల్ని అడుగుతం?" అనెను.

ఆ మార్గశిరములో ఒక మధ్యాహ్నము పిల్ల నా పాక ముందు వడ్లు చెరుగుచుండెను. నేను ఏదో పాఠము చూచుకొనుచుంటిని. ఊరు విడిచి ఇద్దరును ఎటైన పోవుటను గురించి వారు తలచిరేమోయని నా మనసులో చాల దినములనుండి యుండెను. ఆమెయే ఎత్తుకొనెను.

"అందరు లేచిపొమ్మంటున్నరు పంతులయ్యా. యాడికి పోతం? సుక్మా పోయినా, పామేడు పోయినా, కడప తొక్కంగనే ఏ గట్టు అని అడుగుతరు. ఏం చెప్పాలె? అబద్ధం చెప్తె పుట్టే పిల్లలది ఏ గట్టు?"

నేను పుస్తకము మూసితిని.

"నువ్వు చదువుకున్నోనివి. ఒక్కటి చెప్పు. ఒక్కటే రంగు గుడ్డ ఎత్తితె అది ఎవ్వరి పడిగె కాకపోయేటిది. ఒక్క వేల్పు గట్టు లేదు మాకు. మూడెందుకు పెట్టిన్రు?"

కాషాయమెందుకో చెప్పగలను. తెలుపెందుకో, పచ్చయెందుకో చెప్పగలను. చక్రపు ఆకులు ఇరువదినాలుగు ఏల యైనవో కొంత ఊహించి చెప్పగలను. మూడెందుకో నాకు తెలియదు. ఎచటనో దూరమున పెద్దలు కూర్చుండి, అందరికి చోటుండవలెనని తలచి మూడు చేసియుందురు. ఆ మాటనే చెప్పితిని. ఆమె చేటను ఒకసారి ఎగురవేసి, పొట్టు పోయిన వైపు చూచెను.

"అందరికి చోటైంది," అని లోపలికి పోయెను.

ఆ చలికాలము ముగియకమునుపే సంస్థానము విలీనమైనది. బస్తరు మధ్యపరగణాలలో కలిసినది. మా తహసీల్దారుకు ఎచటికో బదలీ. పోవుచు నాకు కబురంపెను: కొత్తగా వచ్చువాడు పెద్దవాడు, అనుభవశాలి, ఆయనను అడుగుడు, జెండా కచేరి పెట్టెలోనే యున్నది. తన నోట రాని మాట మరొకని నోట వచ్చునని ఆయన ఆశ. నేనును ఆ ఆశను పట్టుకొని, పెద్దను తోడ్కొని మరల భోపాల్‌పట్నము పోయితిని.

కచేరిపై కొత్త జెండా ఎగురుచుండెను. మరలో నేసినది. పట్టీలు కొలిచినట్లు సమానముగ నున్నవి. చక్రము చక్కగా అచ్చువేయబడినది. నేను దిద్దిన చక్రము దాని ముందు పిల్లవాని వ్రాత. కొత్త అధికారి మా కథ సాంతము వినకయే, పాత జెండా మాట రాగానే సంతోషించెను. పెట్టెలో వెలిసిపోయి, ఎలుకలు కొరికిన గుడ్డ యొకటి దొరకినదట. చిరిగిన జెండాను పారవేయుట, ఇతర పనులకు వాడుట అపచారము. మర్యాదగా, ఎవరును లేని చోట అగ్నికి సమర్పించవలెనని పద్ధతి. ఆయన ఆ పద్ధతిని తు.చ. తప్పక పాటించెను. బూడిదను సయితము ఇంద్రావతిలో కలిపించినానని మాకు వినయముగా చెప్పెను.

నేను పెద్ద వైపు తిరిగి ఏమన్నాడని అడిగితిని. పెద్ద చెప్పెను. ఆయన తలపాగ సవరించుకొని అధికారికి దండము పెట్టెను. నేనును పెట్టితిని. తప్పు పట్టుకొనుటకు ఒక్క మనిషి దొరకినచో కోపమైన వచ్చియుండును. ఒక్కడును దొరకలేదు.

లంసెన వెడలిపోవునని ఊరు తలచినది. పోలేదు. పోవుటకు పిల్ల తండ్రి ఒప్పుకొనలేదు. మూడవ గట్టు నీరు తన కూతురి తలపై పడినది కనుక, ఆమె ఆ వంశపు ఆడపడుచు. ఆ వంశపు మగవాడొకడు తన యింటనే యున్నాడు. ఇన్నేండ్లు చేసిన సేద్యము ఊరక పోరాదు. పెద్దలు కూడి, అతడు ఆ యింటి కొడుకని తీర్మానించిరి. సగము పొలము అతనిదన్నారు. న్యాయముగా చూచినచో అంతకంటె ఉదారమైన తీర్పు ఉండదు. అతడు వినుచు నేలపై కూర్చుండి యుండెను. ఎవరో అతని వీపు తట్టిరి.

వేసవిలో పెండ్లి జరిగినది. వరుడు వాగు అవతలి పల్లెవాడు, నాలుగవ గట్టు. చూచుటకు బాగుగనే యుండెను, మాట మెత్తన. పిల్ల ఏడువలేదు, నవ్వలేదు. అడిగినవారికి బదులిచ్చెను, పెట్టినది తినెను. ఊరి ఆడువారు పెండ్లి పాటలలో వరుని ముక్కును, వాని తల్లి నడకను ఎగతాళి చేసిరి. లంసెన పేరు మాత్రము ఎవరును ఎత్తలేదు.

పిల్లను పంపువేళ మగపెండ్లివారు ముందు నడచిరి. ఊరి పొలిమేరయైన వాగు దగ్గర వారి విధి యొకటి మిగిలియున్నది. పెండ్లికూతురు తన పాదములతో పొలిమేర దాటరాదు. తోడబుట్టినవాడు ఎత్తుకొని వాగు దాటించి, అవతలి ఒడ్డున దించవలెను. తోడబుట్టినవాడు లేనిచో పెదతండ్రి కొడుకో చినతండ్రి కొడుకో చేయుదురు. ఈమెకు వారును కలరు. వారిలో నొకడు ముందుకు రాబోయెను. కాని వడ్డె అతనిని ఆపి, ఆ యింటి కొడుకును పిలిచెను. నలుగురిలో రేపు మాట రాకుండవలెనన్నచో ఇతడే దాటించవలెనని ఆయన అభిప్రాయము. పిల్ల క్షేమము కోరియే అనెను.

నేను పెద్ద ప్రక్కన నిలిచియుంటిని. ఇది వలదని చెప్పవలెనని నోరు తెరచితిని. ఏ మాటతో వలదందును? శాస్త్రము వారిది, న్యాయము వారిది, దయయు వారిదే. పెద్ద నా చేయి పట్టుకొనెను, నన్ను ఆపుటకో తాను నిలద్రొక్కుకొనుటకో తెలియదు.

అతడు వచ్చి, వంగి, ఆమెను ఎత్తుకొనెను. అంతవరకు అతడు ఆమెను తాకియుండడని నేననుకొందును. వాగులో నీరు మోకాలి లోతు; రాళ్లు నాచు పట్టియున్నవి. అతడు వాగు నడుమకు పోయినపుడు కాలు జారి ఒక అడుగు తూలెను. అప్పుడు ఆమె గొంతు నిదానముగా, ఇరు ఒడ్డులకు వినబడునట్లు వచ్చినది.

"మెల్లగ నడువన్నా. రాళ్లు జారుతున్నయ్."

ఆమె ఆ పిలుపు పిలుచుట అదే మొదలు. జనములో నొక నిట్టూర్పు వ్యాపించినది, ఊరట నిట్టూర్పు. వడ్డె తల యూపెను. అతడు ఒక్క క్షణము నీటిలో నిలిచి, పిదప కాలు కూడదీసికొని నడచి, అవతలి ఒడ్డున ఆమెను జాగ్రత్తగా దించెను. ఆమె కొంగు సవరించుకొని, తన కొరకు ఆగియున్న వారిలో కలిసిపోయెను.

అతడు తిరిగి వాగు దాటి ఇవతలికి వచ్చెను. తడిసిన పంచె పిండుకొనెను. ఎండ ఎక్కుచున్నది, ఎడ్లకు నీళ్లు పెట్టలేదు అని పెద్దతో చెప్పి, మా కంటె ముందుగా ఊరివైపు నడచెను.